అరవై మందికి నాలుగు తూకాలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. పదమూడేళ్ళప్పుడు మనిషికి ఉండే తెలివి ఆ తర్వాత ఎప్పుడూ ఉండదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. రోజూ పసిపిల్లల్ని తూస్తాను. ఒక్కొక్కళ్ళ బరువూ రెండేసి సార్లు చూసుకుంటే గానీ కాగితం మీద పెన్ను పెట్టను. కొత్తగా చేరిన అమ్మాయిలు "మేడమ్ గారికి ఎంత జాగ్రత్తండీ" అంటారు. అది జాగ్రత్త కాదు, భయం. ఆ భయం ఎక్కడిదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను మరీ తక్కువ చేసి చూడరనే ధైర్యంతో చెబుతున్నాను.

మాది కైకలూరు అవతల, చేపల చెరువుల మధ్య కాపలా పాక. నాన్న చెరువుకి కాపలా, అమ్మ మేత సంచులు నింపి కట్టేది. మా ఆసామికి ఏ ఏడు ఎక్కడ చెరువు లీజుకి దొరికితే ఆ ఏడు మా పాక ఆ గట్టు మీదికి మారేది. అలా అయిదో తరగతి అయ్యేసరికి నేను నాలుగు బళ్ళు చూశాను, ఏ బడీ నన్ను సరిగ్గా చూడలేదు. చివరికి ఏలూరు దారిలో, ఊరి చివర చర్చి పక్కన పాత పెంకుటింట్లో నడిచే ఉచిత బడిలో వేశారు. గట్ల మీద పిల్లలు, తాడేపల్లిగూడెం మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, మొత్తం అరవై మంది ఆడపిల్లలం అక్కడే చదివి, అక్కడే తిని, అక్కడే చాపలు వేసుకుని పడుకునేవాళ్ళం. ఆ బడి నడిపే ఆవిడని పెద్దమ్మగారనే వాళ్ళం. ఏలూరులో టీచరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు వింటే గోడలు అదిరేవి గానీ, ఎవరికైనా తలలో పేలు పడితే ఆవిడే కూర్చోబెట్టి దువ్వేవారు.

పెద్దమ్మగారికి మా బరువుల మీద మహా పట్టు. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరినీ మిషను ఎక్కించి పుస్తకంలో రాయించేవారు. మూడు నెలలకోసారి గూడెం నుంచి ఒక డాక్టరమ్మగారు వచ్చి ఆ పుస్తకం చూసేవారు. వరసగా బరువు తగ్గుతూ వచ్చిన పిల్లని పెద్దమ్మగారు ఇంటికి పంపించేవారు. "వాళ్ళమ్మ చేతి ముద్ద నాలుగు రోజులు తింటే అదే తేరుకుంటుంది, తేరుకున్నాక తీసుకురండి" అని చెప్పి మరీ పంపేవారు. మంచి మనసుతో పెట్టిన పద్ధతే. కానీ మాకు తెలిసినది పెద్దమ్మగారికి తెలియదు. ఇంటికెళ్ళిన పిల్ల మళ్ళీ రాదు. నిడమర్రు పిల్ల అని ఒకతి ఉండేది (మాలో సగం మందికి ఊరిపేరే పేరు), అది ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత అలాగే వెళ్ళింది. ఆకివీడు వైపు రొయ్యల షెడ్డులో తలలు తీస్తోందని ఎవరో చూసినవాళ్ళు చెప్పారు. పెద్దవాళ్ళతో మేం అనలేదు. మమ్మల్ని ఎవరూ అడగనూ లేదు.

ఆ జూలైలో పెద్దమ్మగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, తూకం పని నాకు అప్పగించారు. "నీ చేతిరాత బాగుంటుంది, నువ్వు చూడవే" అన్నారు. ఆ మాటకి నేను నేల మీద నడవలేదు. మొదటి నెల అరవై మందినీ ఒక్కొక్కరినే ఎక్కించాను. పూటంతా పట్టింది. ఒకత్తి జడలు విప్పి ఎక్కుతానంటుంది, ఒకత్తి అన్నం తిన్నాక మళ్ళీ ఎక్కుతానంటుంది, ఒకత్తి దిగనే దిగదు. ఆ పూట చివరికి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. చెరువులో చేప ఎంత పెరిగిందో చూడాలంటే మా నాన్న ఏం చేస్తాడు? వల విసురుతాడు. పడిన వాటిలో పది చేపలు తూస్తాడు. సగటు చూసుకుని చెరువు మొత్తానికి అంతే అంటాడు. పట్టుబడి నాడు చేపలన్నీ పట్టి లారీకి ఎక్కించి చూస్తే లెక్క సరిపోయేది. వేల చేపలకి పనికొచ్చిన పద్ధతి అరవై మంది పిల్లలకి ఎందుకు పనికిరాదు? ఇన్నాళ్ళూ ఈ సంగతి పెద్దమ్మగారికి తోచనందుకు ఆవిడ మీద జాలి కూడా వేసింది నాకు.

ఆగస్టు నుంచి నేను చెరువు పద్ధతిలో పడ్డాను. కుళాయి దగ్గర ఎదురుపడ్డ నలుగురిని పట్టుకునేదాన్ని, ఒక పెద్దది, ఒక చిన్నది, రెండు మధ్యరకం. ఆ నలుగురూ సగటున ఎంత పెరిగారో చూసి, మిగిలిన అందరికీ అంతే కలిపి పుస్తకంలో నీటుగా దించేసేదాన్ని. పావుగంటలో పని పూర్తి. మిగిలిన పూటంతా తొక్కుడుబిళ్ళ. ఇందులో మోసం ఉందన్న అనుమానం నాకు కలలో కూడా రాలేదు, అదే విచిత్రం. పైగా పుస్తకం చూసి అందరూ సంతోషించారు. మా వంట మామ్మగారైతే మూడు నెలలు నేల మీద ఆగలేదు. "ఒక్క పిల్లయినా తగ్గిందేమో సూడండమ్మా! నా పప్పుచారులో ఆ గుణం ఉందండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

నవంబరులో డాక్టరమ్మగారు వచ్చారు. వరండాలో కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచి, ఒక పేజీ చూసి, ఇంకో పేజీ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

"ఏమ్మా, ఇది నువ్వే రాశావా?"

"నేనేనండి," అన్నాను, మెచ్చుకుంటారేమోనని ఒక అడుగు ముందుకొచ్చి.

"అరవై మందీ పోయిన నెల ఆరువందల గ్రాములే పెరిగారా?"

"అవునండి. శాంపిలు తీశానండి."

"ఏం తీశావు?"

అప్పుడు నేను వల దగ్గర మొదలుపెట్టి, శీలావతి చేపకీ బొచ్చె చేపకీ సగటు ఎలా చూడాలో, గట్టు మీద నిలబడి వల ఏ వైపు విసరాలో సహా వివరంగా చెప్పాను. డాక్టరమ్మగారు కొంచెంసేపు పెదవులు బిగబట్టుకుని, తర్వాత ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కుర్చీ కూడా ఆవిడతో పాటు ఊగింది. పెద్దమ్మగారు మాత్రం నవ్వలేదు. తలుపు పట్టుకుని నిలబడి "ఓసి నీ తెలివి తెల్లారా" అన్నారు నీరసంగా.

నవ్వు తగ్గాక డాక్టరమ్మగారు వేలితో ఒక పేరు చూపించారు. "ఈ అమ్మాయి కూడా పెరిగిందే. ఏదీ, పిలు." అది నిడమర్రు పిల్ల పేరు. పుస్తకంలో ఉంది కదా అని దానికీ నెలనెలా కలుపుకుంటూ పోయాను. "లేదండి, ఇంటికెళ్ళిందండి" అన్నాను. "ఎప్పుడు?" "జూన్లోనండి." డాక్టరమ్మగారు పుస్తకం మూసి, మిషను తెమ్మన్నారు. అందరినీ తనే చూస్తానన్నారు. నన్ను పక్కన నిలబడి పేర్లు పిలవమన్నారు.

వరస కట్టారు. ఆరో పేరు పిచ్చుకది. పిచ్చుక నా పక్క చాప. ముదినేపల్లి వైపు చెరువుగట్టు నుంచి వచ్చింది. లెక్కల్లో మాకందరికీ అదే దిక్కు. టెన్త్ దాకా చదివి తీరతానని, ఎవరూ అడగకపోయినా, రోజుకొకసారి చెప్పేది. అది వరసలోంచి జరిగి నా చెవి దగ్గరికొచ్చింది.

"ఒసేయ్, నేను తగ్గానే. లంగా జారిపోతోంది, పిన్నీసు పెట్టుకుంటున్నాను."

"మరి నాకు చెప్పలేదేంటే?"

"నువ్వు తూస్తే కదా!"

మూడు నెలల నుంచి తగ్గుతోందన్నమాట. అంటే ఇంటికి పంపుతారు. అంటే పిచ్చుక ఇక రాదు. మధ్యలో నేను ఒక్కసారి సరిగ్గా తూసి ఉంటే దానికి ఏం బాధో ఎవరో ఒకరు అప్పుడే అడిగేవారు. ఇంతలో అయిదో పిల్ల దిగింది. నాకు తోచిన ఉపాయం ఒక్కటే. పిచ్చుక మిషను ఎక్కగానే, నేను దాని వెనకగా జరిగి, నా పరికిణీ అంచు కింద నుంచి కుడికాలు మిషను మీద పెట్టి మెల్లగా నొక్కాను. (మెల్లగా అనే అనుకున్నాను. భయంలో ఉన్నవాళ్ళకి మెల్లగా అంటే ఎంతో తెలియదు.) ముల్లు గిర్రున తిరిగి నలభై ఒకటి దగ్గర ఆగింది. వరసలో ఉన్న మా క్లాసులోకెల్లా లావుపిల్ల "అమ్మో, నాకంటే ఎక్కువే!" అంది.

డాక్టరమ్మగారు పిచ్చుకని పైనుంచి కిందిదాకా చూశారు. "నీకు కాళ్ళు ఎన్నమ్మా?"

"రెండండి."

"ఇక్కడ మూడు కనపడుతున్నాయి మరి."

అందరూ గొల్లుమన్నారు. నేను కాలు తీశాను. ముల్లు ఇరవై నాలుగు దగ్గరికి వచ్చి నిలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపు తన్నుకొచ్చింది. "దాన్ని ఇంటికి పంపొద్దండి. పంపితే ఇంక రాదండి" అని అక్కడే నేల మీద కూలబడ్డాను.

"ఎందుకు రాదే? నయమయ్యాక తీసుకురమ్మనే కదా పంపేది" అన్నారు పెద్దమ్మగారు.

"నిడమర్రు పిల్ల రాలేదు కదండీ. రొయ్యల షెడ్డుకి పోతోందండి."

"ఎవరు చెప్పారు నీకు? నేను రెండుసార్లు ఫోను చేయించాను, వాళ్ళు అక్కడ లేరన్నారు."

"అది ఆసామి నంబరండి. చెరువు మారిపోతే మనుషులు ఎటు పోయారో ఆయనకేం తెలుస్తుందండి? మావాళ్ళందరికీ అంతేనండి."

పెద్దమ్మగారు గుమ్మంలోనే కూర్చుండిపోయారు, ఆ మోకాళ్ళతో కింద కూర్చోవడం మేం అంతకుముందు చూడలేదు. "నాతో ఒక్కళ్ళయినా చెప్పారటే" అన్నారు, చాలా చిన్న గొంతుతో. (ఆ తర్వాత రెండు ఆదివారాలు డాక్టరమ్మగారి కారులో ఇద్దరూ గట్లన్నీ తిరిగారు, దారి చూపించడానికి మా నాన్న వెళ్ళాడు. నిడమర్రు పిల్ల దొరకలేదు. ఇంటికి పంపే పద్ధతి మాత్రం ఆ రోజుతోనే ఆగిపోయింది.)

ఈలోగా డాక్టరమ్మగారు పిచ్చుకని పక్కకి తీసుకెళ్ళి, కళ్ళు చూశారు, గుండె విన్నారు, చివరికి నోరు తెరవమన్నారు. అది తెరవలేదు. బతిమాలితే తెరిచింది. లోపల దవడ పన్ను పూర్తిగా పుచ్చిపోయింది. మూడు నెలలుగా అన్నంలో మజ్జిగ పోసుకుని మింగుతోందట. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "పన్ను పీకించుకు రమ్మని ఇంటికి పంపుతారేమోనండి" అంది. మామ్మగారు "హమ్మయ్య, నా పప్పుచారు తప్పు కాదు!" అని గట్టిగానే అనుకుంది. డాక్టరమ్మగారు రేపే ఏలూరు తీసుకెళ్ళి పన్ను తీయించమని, సాయంత్రానికల్లా తిరిగి తెచ్చేయమని చెప్పి వెళ్ళారు.

పిచ్చుక ఆ మాట నమ్మలేదు. నిడమర్రు పిల్లనీ మళ్ళీ తీసుకురమ్మనే పంపారు కదా. మర్నాడు పొద్దున్న ఆటో వచ్చేలోపు అది తన పెట్టె తెరిచి ఉన్నవన్నీ పంచేసింది. రిబ్బన్లు చిన్నపిల్లలకి, సబ్బుపెట్టె లావుపిల్లకి, నాకు దాని రేకు జామెట్రీ బాక్సు. నీలం రంగుది, కంపాసుతో సహా అన్నీ ఉన్నది మా క్లాసులో అదొక్కటే. "లెక్కలు బాగా చెయ్యవే" అని ఆటో ఎక్కింది. నేను మధ్యాహ్నం దాకా ఏడ్చాను. అన్నం మానేశాను. మామ్మగారు బలవంతాన రెండు ముద్దలు పెట్టింది.

సాయంత్రం నాలుగింటికి ఆటో వచ్చింది. అందులోంచి పెద్దమ్మగారు, ఆవిడ వెనకాల బుగ్గ ఇంత లావున ఉబ్బి, నోట్లో దూది పెట్టుకున్న పిచ్చుక దిగారు. మేమంతా కేకలు పెట్టాం. అది మాట్లాడలేదు, మాట్లాడకూడదన్నారట. తిన్నగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి చాపింది. రిబ్బన్లు వచ్చాయి. అప్పటికే కాస్త అరిగిన సబ్బు వచ్చింది. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

నేను బాక్సు వెనక్కి దాచుకున్నాను. ఆశ కొద్దీ కాదు. మధ్యాహ్నం, ఏడుస్తూ ఏడుస్తూనే, కంపాసు మొనతో మూత మీద నా పేరు చెక్కేశాను. రెండు వరసల్లో, ఇంటిపేరుతో సహా. అందరిముందూ దాని కోసం నేల మీద పడి ఏడ్చిన నేనే, అది తిరిగి వస్తుందని ఒక్క పూట కూడా నమ్మలేదన్నమాట. పిచ్చుక నా చేతిలోంచి బాక్సు లాక్కుని, మూత చూసి, నా మొహం చూసి, దూది సందులోంచి "ఉండనీలే" అంది. టెన్త్ పరీక్షల దాకా ఆ నా పేరున్న బాక్సుతోనే లెక్కలు చేసింది. ఎవరికైనా అది దారిలో దొరికితే తెచ్చి నాకే ఇచ్చేవారు. నేను తీసుకెళ్ళి పిచ్చుకకిచ్చేదాన్ని. అలా మోసుకెళ్ళిన ప్రతిసారీ సిగ్గుపడ్డ ఆ పిల్లని, అప్పటి నన్ను, ఇప్పుడు పిలిచి, తల మీద చెయ్యేసి, "పోనీలేవే, అది వచ్చింది కదా" అనాలనిపిస్తుంది.