కంప్యూటరుకు కృతజ్ఞత కూడిక

మదనపల్లెలో మా చర్చి సంఘం పరంజ్యోతి అన్న ఎక్స్‌రే తియ్యని ఇల్లు తక్కువ. మిషన్ ఆసుపత్రి చీకటి గదిలో నిలబడి "ఊపిరి బిగబట్టు... ఆ, వదులు" అని చెప్పీ చెప్పీ, ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఆయన గొంతులో అదే లాగుడు వస్తుంది. ఆదివారం మాత్రం ఆ గొంతు మారిపోతుంది. యవ్వనస్థుల కూడికకు పెద్ద ఆయనే మరి. మందిరంలో కీబోర్డు వాయించే జేసన్, డిగ్రీ చదివే కుర్రాడు, ప్రసంగం జరుగుతుండగా ఫోన్లో ఆట ఆడుతూ దొరికిపోయాడు. వాళ్లమ్మ నీరజ ఎదురుగానే, సంఘమంతా వింటుండగా, "ఆటలాడే వేళ్లతో దేవుని పాట వాయించేదేంది? లెయ్, ఎనక్కి పోయి కూర్చో" అన్నాడు పరంజ్యోతి అన్న. నీరజ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి మా పాటలకు వాయిద్యం లేదు, ఎవరి శ్రుతి వారిదే.

అలాంటి మనిషికి కంప్యూటర్లో లారీ నడిపే ఆట మీద మనసు పడింది.

నవ్వకండి. ఆయన తండ్రి టమోటా మార్కెట్టులో గంపలు మోశాడు. చిన్నప్పుడు పరంజ్యోతి ఆ లోడు లారీల చుట్టూ తిరిగాడు, డ్రైవరు సీట్లో ఒక్కసారి కూర్చుంటే చాలని. చదువొచ్చింది, ఉద్యోగం వచ్చింది, సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చాయి, సీటు మాత్రం రాలేదు. ఎవరో ఘాటు రోడ్డులో లారీ దించుతూ ఆ ఆట ఆడే వీడియో ఫోన్లో చూశాక ఆయన ప్రాణం ఆగలేదు. తయారుగా దొరికే కంప్యూటరు ఒకటి కొని, అందులో ఆట బొమ్మలు ఆగకుండా కదిలించే గ్రాఫిక్స్ కార్డు బిగించి, ఇంట్లో టీవీకి తగిలించుకుంటే సరిపోతుందని తెలుసుకున్నాడు.

మదనపల్లెలో ఏ షాపుకు పోయినా "ఎక్స్‌రే అన్నా, ఎవురికి?" అంటారు. అందుకని భార్య మేరమ్మతో ఆసుపత్రి పనని చెప్పి కుప్పం బస్సెక్కాడు. అక్కడ తనను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. అయినా కంప్యూటర్ల షాపు నడిపే మహేష్ "ఏం పనికన్నా?" అని అడిగేసరికి, ఆట అనే మాట గొంతు దాటి రాలేదు.

"ఆఫీసు పనికప్పా."

మహేష్ ఆఫీసు పనికి తగ్గ సన్నటి డబ్బా ఒకటి తీసిచ్చాడు. కార్డు కూడా అక్కడే అడిగితే గుట్టు బయటపడుతుందని, వీధి చివర ఇంకో షాపులో "మా మేనల్లునికి" అని చెప్పి కొన్నాడు. దాని అట్టపెట్టె మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ. దాన్ని తువ్వాలులో చుట్టి సంచి అడుక్కి దోపాడు.

పుంగనూరులో బస్సు మారుతుంటే ఎదురుపడింది, మా స్త్రీల సమాజానికి పెద్ద అయిన ఈశ్వరమ్మ.

"ఏంది పరంజ్యోతీ, ఇంత పెట్టె ఎత్తుకోని యాడినుంచి వస్తాండావు?"

"కంప్యూటరక్కా."

"ఈ వయసులో నీకు యాల కంప్యూటరు?"

"మందిరానికక్కా. పాటలు టీవీలో ఏసేదానికి." నోరు తనంతట తానే అనేసింది.

ఈశ్వరమ్మ కళ్లు చెమర్చాయి. "పుస్తకంలో అచ్చరాలు కనబడక పెదాలు ఊరికే ఆడిస్తాండానప్పా. దేవుడే నీకు సెప్పినాడు సూడు!"

బస్సు కదలకముందే ఆమె ఫోను తీసింది. ఆయన ఇల్లు చేరేసరికి మేరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పాస్టరు అయ్యగారికి కబురు వెళ్లింది, శనివారం సాయంత్రం కృతజ్ఞత కూడిక అని ఖాయమైపోయింది. మా సంఘంలో అంతే. బండి కొన్నా, బోరులో నీళ్లు పడినా, ముందు ప్రార్థన, తర్వాత ఇంటి యజమాని లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి, ఆ తర్వాతే కుస్కా అన్నం.

తలుపేసుకుని డబ్బా మూత విప్పితే అసలు సంగతి తెలిసింది. కార్డు ఇటుకంత ఉంది. డబ్బాలో ఇటుక పట్టే చోటు లేదు. చర్మం మీదినుంచే ఎముకలు చూసే మనిషి, కొనేముందు ఆ మూత తీయించి చూడలేదు. తీయిస్తే ఎందుకో చెప్పాలి కదా! కార్డు అటక మీద క్రిస్మస్ స్టారు పెట్టెలోకి వెళ్లింది. అయినా ఆశ చావక ఉత్త డబ్బాతోనే ఆట వేసి చూశాడు. లారీ ఒక చక్రం తిప్పి, గోడమీది పటంలా నిలబడిపోయింది.

శనివారం ఇల్లు నిండింది. మొదటి పాట కాగానే అయ్యగారు, "జేసన్ బాబూ, నీకు తెలుసు గదా, ఆన్ చేసి ఒక పాట చూపించు" అన్నారు.

జేసన్ స్విచ్చి నొక్కాడు. టీవీ వెలిగింది. మధ్యలో ఎర్రటి లారీ బొమ్మ, కింద ఆట పేరు.

జేసన్ మౌసు వదలకుండానే చటుక్కున లేచి టీవీకి అడ్డం నిలబడ్డాడు.

"అడ్డం తప్పుకో నాయనా, మాకు కనబళ్లేదు" అంది వెనకనుంచి ఈశ్వరమ్మ.

"ఒక్క నిమిషం అవ్వా, ఇంకా లోడవతాండాది."

వాడు తప్పుకునేసరికి లారీ లేదు. తెల్లటి తెరమీద పెద్దపెద్ద అక్షరాల్లో పాట పల్లవి. వాడు పరంజ్యోతి అన్న వైపు ఒక్కసారి చూశాడు. ఎక్స్‌రే చూసి, రోగికి ఏమీ చెప్పకుండా కవరులో పెట్టేసే డాక్టరు చూపు. వాడు ఎగతాళి చేసుంటే బాగుండేది.

"ఇప్పుడు అన్న సాక్ష్యం చెబుతారు" అన్నారు అయ్యగారు.

పరంజ్యోతి అన్న లేచాడు. "ప్రభువు నాకు..." అని ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపటికీ వదల్లేదు. బస్టాండులో ఈశ్వరమ్మకు అబద్ధం చెప్పడం వేరు, సాక్ష్యంలో చెప్పడం వేరు. పైగా ఎదురుగా, గోడవారన, నీరజ కూర్చుని ఉంది.

"ఇది మందిరానికి కొనలేదయ్యగారూ. నేను ఆడుకునేదానికి కొంటి. లారీ ఆట. ఇప్పుడు ఆ పిల్లోడు అడ్డం నిలబడింది దాన్ని దాసేదానికే."

మేరమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. మూతలు గట్టిగా పడుతున్న చప్పుడు.

"లారీనా?" అంది చివరికి ఈశ్వరమ్మ. "నీకు స్కూటీనే తిన్నంగా రాదు గదప్పా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గదంతా పాకింది. పరంజ్యోతి అన్న మాత్రం తల దించుకునే, "జేసనూ, ఆ పొద్దు నిన్ను అందరి ముందర లేపింది నా తప్పు. రేపు కీబోర్డుకాడ నువ్వే కూర్చోవాల" అన్నాడు. నీరజ వైపు మాత్రం చూడలేకపోయాడు. అయ్యగారు ప్రార్థన పొట్టిగా ముగించారు, కుస్కా ఆరిపోతుందని.

ఆ కంప్యూటరు ఇప్పుడు మందిరంలోనే ఉంది. అది పనికొచ్చేదీ దానికే. తెరమీద పల్లవి పడగానే ఈశ్వరమ్మ గొంతెత్తి పాడుతుంది, పాడుతూనే ఒకసారి వెనక్కి తిరిగి పరంజ్యోతి అన్నను చూస్తుంది.

అటక మీది కార్డు సంగతి తెలిసి జేసనే పిలిచాడు. "మా ఇంట్లో పెద్ద డబ్బా ఉండాది అంకుల్. దానికి పడతాది, రాండి."

ఆయన పోనని చాలాసార్లు అన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం తువ్వాలు మూట చంకలో పెట్టుకుని పోయాడు. కార్డు బిగిసింది. లారీ కదిలింది. కొండ మలుపు దగ్గర వెనకనుంచి టీ గ్లాసు చప్పుడైంది, నీరజ.

ఆయన తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. లారీ గట్టు దాటి లోయలోకి పోయింది.

"ఏం కాదులేన్నా," అంది నీరజ, గ్లాసు పక్కన పెడుతూ. "ముందు టీ తాగు. మావాడు కూడా మొదట్లో ఆడనే పడేసినాడు."