మా ఎర్ర కారుకి చలికాలపు చక్రాలు

నవంబరులో తొలి మంచు పడబోతోందని టీవీలో చెప్పిన రోజున మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో జనమంతా పారలూ, మంచు కరిగించే ఉప్పు బస్తాలూ కొనుక్కోవడానికి పరిగెత్తితే, నేను గ్యారేజీలోకి పరిగెత్తాను. నాకు రాత పెద్దగా రాదు. నోటితో చెబుతున్నాను గనక గబగబా వచ్చేస్తుంది, మీరే నాతో పాటు నడవాలి.

గ్యారేజీలో ఉన్నది మా ఆయన కారు. రెండే సీట్లు, రెండే తలుపులు, నేలకి ఆనుకుని పడుకున్నట్టుండే ఎర్రటి స్పోర్ట్స్ కారు. బతుకంతా కార్ల కంపెనీలో పనిచేసి, రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్నాడు. మంచు పడేముందు దానికి ముసుగు కప్పేవాడు, మళ్లీ ఎండ ముఖం చూస్తేగాని తీసేవాడు కాదు. ఆయన పోయాక పెద్ద కారు అమ్మేశాం. దీన్ని మాత్రం నేను అమ్మనివ్వలేదు. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. రోడ్డు బోర్డుల మీద అక్షరాలు నేను కూడబలుక్కోవాలి, అందుకని వాటి రంగూ ఆకారమూ బట్టీ పట్టించాడు.

ఆ వేసవంతా ఈ కారులోనే గుడి వంటశాలకి వెళ్లి వండిపెట్టి వచ్చాను. ఇప్పుడు దానికి ముసుగు కప్పితే నాకూ కప్పినట్టే. ఎవరో దయతలచి వచ్చి హారన్ కొట్టేదాకా, కోటు తొడుక్కుని కిటికీ దగ్గర కూర్చోవాలి. ఆయన పోయిన ఏడాది చలికాలమంతా అలాగే గడిపాను. ఇంకొకటి అలా గడపడం నా వల్ల కాదు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, నర్సుగా పనిచేస్తుంది. వాళ్ల నాన్న కారు కింద దూరినప్పుడల్లా రెంచీలు అందిస్తూ పని మొత్తం నేర్చేసుకుంది. దాన్ని పిలిపించాను.

"అమ్మా, సీరియస్‌గా చెప్తున్నా. ఇది స్నోలో డ్రైవ్ చేసే కారు కాదు," అంది.

"టైర్లు మారిస్తే?"

"మార్చినా వెనక వీల్సే పుష్ చేస్తాయి దీన్ని. స్లిప్ అవుతుంది."

"మీ నాన్న చలికాలం టైర్లు కూడా కొని ఆ గోడకి వేలాడదీశాడు. ఎందుకో చెప్పు."

"ఎందుకు?"

"ఏనాటికైనా ధైర్యం వస్తుందని. ఆయనకి రాలేదు. నాకు వచ్చింది."

అది పకపకా నవ్వింది. నవ్విందంటే సగం ఒప్పుకున్నట్టే. "సరే, డీల్. సాటర్‌డే టైర్లు, బ్రేకులు చేద్దాం. సండే పొద్దున్నే గుడి వెనక ఖాళీ పార్కింగ్‌లో టెస్ట్. నేను పెట్టిన బకెట్ దాటకుండా ఆపితే తాళం నీది. దాటితే కవర్ కప్పేస్తా. స్ప్రింగ్ దాకా నో ఆర్గ్యుమెంట్."

శనివారం వచ్చేదాకా నాకు నిద్ర పడితే ఒట్టు.

జాకీ ఎత్తి చక్రాలు ఊడదీశాం. వేసవి టైరు మీద గోరు గుచ్చమంది. గుచ్చితే గోరే విరిగేట్టుంది. చలికి ఆ రబ్బరు రాయైపోతుందట, రాయి మంచుని ఏం పట్టుకుంటుంది? గోడ మీది టైరు దించి గుచ్చితే మెత్తగా దిగింది. దాని పక్కభాగాన కొండ బొమ్మా, కొండలో మంచు పువ్వూ అచ్చు వేసి ఉన్నాయి. మంచుకి పనికొచ్చే టైరని, చదువక్కర్లేని గుర్తు! నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది.

తరవాత బ్రేకులు. చక్రం వెనక పళ్లెంలాంటి ఇనప బిళ్ల తిరుగుతూ ఉంటుంది, దాన్నే డిస్క్ అంటారు. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ గట్టిగా పట్టుకుంటాయి. ప్యాడ్లు అరిగిపోయాయని కొత్తవి వేసింది. డిస్కుల నిండా కాషాయం రంగు తుప్పు.

"ఇదేమిటే, ఇంత తుప్పు?"

"పైపైనే అమ్మా. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది."

బ్రేకు నూనె మార్చడం ఇద్దరు మనుషుల పని. అది చక్రం దగ్గర కూర్చుంది, నేను సీట్లో.

"తొక్కు!"

"తొక్కాను!"

"పట్టుకో, వదలకు, వదలకు... ఇప్పుడు వదులు! ముందే వదిలావా?"

"నేనెందుకు వదుల్తానే? నువ్వు చెబితే కదా!"

వీధంతా వినబడేలా అరుచుకున్నాం. పాత నూనె టీ డికాషన్‌లా నల్లగా గొట్టంలోంచి దిగి, చివరికి తేనెరంగు నూనె వచ్చేసరికి ఇద్దరం ఈలలేసినంత పని చేశాం. చక్రాలు ఎక్కించి, నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా చుక్కల ముగ్గు కలిపినట్టు ఎదురెదురుగా బిగించింది. బిగింపు చాలినప్పుడు రెంచీ టక్కుమంటుంది. ఆ టక్కు వినబడ్డ ప్రతిసారీ నేను చప్పట్లు కొట్టాను.

ఆదివారం తెల్లారేసరికి బయట మంచు పరుచుకుంది. మా ఆయన అక్కగారు ఇదే ఊళ్లో ఉంటారు. నిమ్మకాయలూ కొబ్బరికాయా పట్టుకుని ముందే దిగిపోయారు.

"ఏమే, ఈ వయసులో రేసులకి పోతున్నావటగా?"

"రేసు కాదు వదినగారూ, ఆగడానికి పోతున్నాను."

"నువ్వు బొట్టు పెట్టకూడదు గనక నేనొచ్చాను."

"నేను పెడితే కారు చస్తుందా ఏం?"

"నోరు మూసుకుని వెళ్లి కోటు తొడుక్కో."

మేం లోపలికి వెళ్లి కోట్లూ బూట్లూ వేసుకుని వచ్చేసరికి ఆవిడ పూజ ముగించేశారు. నిమ్మకాయలు తొక్కించుకుని కారు బయల్దేరింది. గుడి రెండు మలుపుల దూరమే. మా అమ్మాయే నడిపింది. దారిలో బ్రేకు తొక్కి, "కొంచెం సాఫ్ట్‌గా ఉన్నాయి. కొత్త ప్యాడ్లు కదా, సెట్ అవుతాయిలే," అంది. వదినగారు తన కారులో వెనక వచ్చారు.

పార్కింగ్‌లో మా అమ్మాయి నాకు స్టీరింగు అప్పగించి, అవతల ఉప్పు బకెట్ పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. "స్లిప్ అవ్వకుండా బ్రేకులు వాటంతటవే పట్టి వదుల్తాయి, అందుకే పెడల్ నీ కాలు కింద గడగడ కొట్టుకుంటుంది. భయపడి కాలు తియ్యకు. గట్టిగా తొక్కి పట్టుకో."

కారు పోనిచ్చాను. గుండె నోట్లోకొచ్చింది, భయంతో కాదు, సరదాతో. తొక్కాను. పెడల్ గడగడలాడింది. కారు ముక్కు కుడివైపుకి లాగేసింది. ఎంత తొక్కినా ఆగదే! బకెట్‌ని దాటుకుని పోయి, కుప్పపోసిన మంచు ముందర నిలబడింది.

మా అమ్మాయి నా వంక చూడలేదు. "సారీ అమ్మా," అంది మెల్లిగా.

నాకు ఏడుపు రావాలి గాని, అప్పుడే ముక్కుకి ఏదో తగిలింది. దిగి ఎడమ చక్రం దగ్గర వంగాను.

"ఇటు రావే. ఇది రబ్బరు వాసన కాదు. నువ్వుల నూనె కాగిన వాసన."

అది నమ్మలేదు. వంగి వాసన చూసి, డిస్క్ మీద వేలు రాసింది. వేలికి కాషాయం అంటింది. రుద్దితే జిడ్డు. తుప్పుకి జిడ్డెక్కడిది?

"అత్తా! ఇక్కడ ఏం పూశావ్?"

వదినగారు శాలువా సర్దుకుంటూ వచ్చారు. "ఆంజనేయస్వామి సింధూరమే. చక్రం సందులోంచి వేలు పెట్టి లోపలి పళ్లేనికి పూశాను. నా తమ్ముడి కారని దండిగానే పూశాను."

"సింధూరంలో ఆయిల్ కలుపుతారు కదా!"

"కలపకపోతే ఎలా నిలుస్తుందే? ఎడం వైపే పూశాను. అటుపక్క గోడ అడ్డం, చెయ్యి దూరలేదు."

"థాంక్ గాడ్ ఫర్ ద వాల్!" అని మా అమ్మాయి మంచులో కూలబడి నవ్వడం మొదలెట్టింది. కుడి చక్రాలు పట్టుకుంటున్నాయి, ఎడమవి జారుతున్నాయి, అందుకే ముక్కు తిరిగిపోయింది.

"నేను ఓడిపోలేదు!" అని అరిచాను. "లెక్కలోకి రాదు. మళ్లీ ఆడాలి!"

మా అమ్మాయి వదినగారి కారులోనే వెళ్లి షాపులో ప్యాడ్లూ, డిస్క్ కడిగే స్ప్రేలూ, ఇంటి నుంచి జాకీ, రెంచీలూ తెచ్చింది. నూనె పీల్చిన ప్యాడ్లు మళ్లీ పనికిరావట. ఊడ్చిన గట్టి నేల చూసి అక్కడే జాకీ ఎత్తి ఎడమ చక్రాలు విప్పింది. నేను జిడ్డు పోయేదాకా గుడ్డతో తుడిచాను. వదినగారు మా నెత్తిన గొడుగు పట్టుకుని, "మా తమ్ముడే ఉండుంటే ఈపాటికి నన్ను ఇండియా విమానం ఎక్కించేసేవాడు," అని గొణుక్కున్నారు.

"ఆయన అంత మంచివాడు కాదు వదినగారూ. ఇండియాదాకా నడిపించేవాడు."

చక్రాలు బిగించాక మా అమ్మాయి మెల్లగా నాలుగు చుట్లు తిప్పి, బ్రేకులు వేసి వేసి చూసి, దిగి నాకు సీటు ఇచ్చింది. బకెట్‌ని అంగుళం కూడా కదపలేదు.

పోనిచ్చాను. తొక్కాను. గడగడలాడింది. కాలు తియ్యలేదు. కారు అటూ ఇటూ తల తిప్పకుండా, చెప్పిన మాట విన్నట్టు కిందకి కూర్చుని ఆగింది. బకెట్ ఇంకా ముందరే ఉంది, ఎర్రగా, నిటారుగా. వదినగారు గొడుగు పారేసి, "గోవిందా!" అని కేక పెట్టారు.

"మళ్లీ చేసి చూపించమంటావా?"

"అక్కర్లేదు," అని మా అమ్మాయి తలుపు తీసుకుని దిగిపోయింది. "నేను అత్తతో వస్తా. ముందున్న బండికి దూరంగా ఉండు. స్లోగా రా."

"నేనొక్కదాన్నేనా?"

"తాళం నీదే కదా."

రోడ్డెక్కాను. ముందర ఉప్పు జల్లే లారీ పోతోంది. నా పక్క సీటు ఖాళీ, వైపర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. మలుపు దగ్గర ఎర్ర లైటు పడింది. తొందరపడకుండా తొక్కాను. గీతకి ఇవతలే ఆగాను. పక్క లేన్‌లో పెద్ద ట్రక్కులోంచి ఒక తెల్లాయన కిందకి తొంగి చూసి, ఆ మంచులో ఆ కారునీ, అందులో చీర మీద కోటు తొడుక్కున్న నన్నూ చూసి కళ్లు పెద్దవి చేశాడు. నేను చెయ్యి ఊపాను. పచ్చ లైటు పడింది. ఇంటికి కుడిచేతివైపు తిరగాలి. నేను ఎడమచేతివైపు తిప్పాను, ఇంకాస్త దూరం పోయివద్దామని.