నా సంతకం చేసిన ఘనకార్యం

"జొన్నచేను కాడ సిలకా... సద్దిమూట ఏదే సిలకా..." తర్వాతి చరణం యాదికొస్తలేదు. గిట్లనే మొత్తం మరిచిపోతనని భయమై, యాదికున్న కాడికి మా మెర్సీ కంప్యూటర్ల రాసిపెట్టిన. గంతే! మొన్న గా పాట ఇంట్ల ఎంత ఆగం చేసిందో వినుండ్రి!

మెర్సీ నా కొడుకు బిడ్డ. మా ఊరు ఖేడ్‌లనే డిగ్రీ, కంప్యూటర్ చదువు. పాట రాసినంక ఫైలుకు ఇంగ్లీషుల పేరు పెట్టుమన్నది. నాకు ఇంగ్లీషుల ఒక్కటే అక్షరం వచ్చు, రత్నమ్మల ఆర్. ఏది రాసినా చివర్ల చిన్న గీత గీసి పేరు పెట్టాలని ముసలోళ్ల బడిల టీచరమ్మ నేర్పింది గద. గట్లనే పెట్టిన: -r.

మొన్న పొద్దుగాల మెర్సీ కంప్యూటర్ సాఫ్ చేస్తనని కూసున్నది. మౌస్ ముట్టదు, నల్ల తెర మీద హుకుంలు కొట్టుడే!

"చూడు నానమ్మా, rm * అంటే విడి ఫైళ్లన్నీ పోతయి. నా ప్రాజెక్టు ఫోల్డర్ల ఉన్నది, దాన్ని ముట్టదు" అని టక్కున కొట్టింది.

అన్నీ పోయినయి. ప్రాజెక్టు ఫోల్డరు సుద్ద పోయింది! సోమవారం కాలేజీల ఇయ్యాల్సింది! మిగిలింది ఒక్కటే, నా -r.

పిల్ల లబలబలాడుకుంట దోస్తుకు ఫోన్ చేసింది. గా పిల్ల పెన్‌డ్రైవ్‌ల ప్రాజెక్టు కాపీ ఉన్నదట. బతికినం! కని అసలు సంగతి కూడ గా పిల్లనే చెప్పింది. గా * కొడితే ఫైళ్ల పేర్లన్నీ rm పక్కకొచ్చి చేరుతయట. అండ్ల ముందల గీత ఉన్నదాన్ని కంప్యూటర్ పేరనుకోదట, హుకుం అనుకుంటదట. -r అంటే ఫోల్డర్లు సుద్ద ఊడ్చెయ్యమనట!

ఇగ మెర్సీ నా మీద పడ్డది. "పేరు ముందల చుక్క పెట్టి ./ కొడితే పేరే అనుకుంటదట. జల్దీ నీ ఫైలు పేరు మారుస్త, గీత తీసేస్త."

"తియ్యనియ్య! నన్ను అడగకుంట నా పాటను ఊడ్చెయ్య చూసింది ఎవరే? నువ్వు గాదా? జిందగంత వేలిముద్రలేసి, ముసలితనంల సంతకం నేర్చుకున్న. గీత లేకుంటే అది నా సంతకమెట్లయితది? నువ్వే గా చుక్క కొట్టుడు నేర్చుకో!"

అన్న నేను. అని, ఛాతి ఇంత చేసుకోని కూసున్న.

మెర్సీ రెండు చేతులు జోడించింది.

"నీకు దండం నానమ్మా! ఇగ నుంచి వేలిముద్రే వెయ్యి!"