మర్యాద గది

ఎండను తట్టుకునే ఇళ్లు ఎలా కట్టుకోవాలో ఊరూరా తిరిగి చెప్పడం నా ఉద్యోగం. ఆ పని మీదే ఒక మే నెలలో విజయవాడ నుంచి బీదర్ జిల్లా చిట్గుప్ప దగ్గరి పల్లెకు వెళ్లాను. మాణికప్ప అనే రైతు నన్ను కొత్త స్లాబ్ గదిలో ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చేతికి వేడి చాయ్ ఇచ్చి, "జర ఆరాం చెయ్యండ్రి సార్" అని వెళ్లిపోయాడు.

కాసేపటికి కరెంటు పోయింది. పైనుంచి స్లాబ్ సెగ కొడుతోంది. లేచి వెళ్తే మర్యాదగా ఉండదేమోనని చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ఓర్చుకున్నాను. ఇంట్లో మనిషి అలికిడే లేదు. చివరికి వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే, పాత మట్టి మిద్దెలో ఇంటిల్లిపాదీ హాయిగా నడుం వాల్చి ఉన్నారు. పక్కనే బర్రె నెమరు వేస్తోంది. లోపల అడుగు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంత చల్లటి ఇల్లు బర్రెకిచ్చారా?" అన్నాను.

"వేడైతే బర్రె పాలు తగ్గిస్తది సార్. మనమేం తగ్గిస్తం?" అన్నాడు మాణికప్ప.

"మరి ఆ స్లాబ్ గదిలో ఎవరుంటారు?"

"అండ్ల మేమెందుకుంటం? మీ అసొంటి పెద్దోళ్లు వస్తే కూసోబెట్టనీకి కట్టినం."

వచ్చిన పనైనా చేద్దామని, నేను తెచ్చిన చల్లని ఇంటి బొమ్మ విప్పి చూపించాను. మందపాటి గోడలు, మట్టి కప్పు, పైన గాలి పోవడానికి చిన్న కిటికీ. మాణికప్ప భార్య ఈరమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"అంతా మంచిగనే గీసిన్రు సార్," అంది. "బర్రెనే మర్చిపోయిన్రు."