‘పోతా’ అనగూడదు

మా ఇంట్లో బయటికి పోయేవాళ్లు ‘పోతా’ అనగూడదు, ‘పోయొస్తా’ అనాల. నోరు జారితే అంతే. మా అవ్వ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, చెంబుడు నీళ్లు తాగించి, మళ్లీ సరిగ్గా చెప్పించి పంపుతుంది. ఈ తిప్పలతో గుడియాత్తంలో నేను ఎన్ని టౌన్ బస్సులు పోగొట్టుకున్నానో!

అమ్మ తమ్ముడు, మా మామ, వేలూరు సత్తువాచారిలో లుంగీల వ్యాపారం చేస్తాడు. ఆయన మేడమీద గదిలో ఒక పైలట్ బాడిగకు ఉండె. ఉత్తరాది పిల్లోడు, ఊరి బయట చిన్న విమానాలు ఎగిరే చోట పని. తమిళ ఊర్లో ఉంటా మామ దగ్గర నేర్చుకునింది చూస్తే మా తెలుగు! రోజూ మెట్లు దిగతా ‘పోతా మామా’ అంటాడు, మామ నెత్తి కొట్టుకుంటాడు.

“ఛీ ఛీ! పోతా అంటే సచ్చిపోతా అని అర్థమప్పా. పోయొస్తా అను.”

“పోయ్ వస్తి.”

“వస్తి కాదు నాయనా, వస్తా!”

ఆ పిల్లోడు ఒకరోజు మామను విమానం ఎక్కిస్తానన్నాడు. ఇంకేముండాది, మామకు కాళ్లు నేల మీద నిలిస్తే కదా! లుంగీ తప్ప ఎరగని మనిషి ప్యాంటు కుట్టించుకున్నాడు. మాకు ఫోన్ చేసి, “మిద్దె మీద ఎర్ర గళ్ల లుంగీలు ఆరేయండే, పైనుంచి మన ఇల్లు గుర్తుపట్టాల” అన్నాడు. “మోకాళ్ల నొప్పంటా మెట్లెక్కనోడికి ఆకాశం కావాల్నంట!” అని అవ్వ మండిపడింది. కానీ ఆ పొద్దు అందరికంటే ముందు మిద్దెక్కి లుంగీలు ఆరేసింది ఆమే.

మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసినాము. కాకులు తప్ప ఏమీ రాలేదు. పక్కింటామె పరిగెత్తుకుంటా వచ్చింది. వేలూరు దగ్గర చిన్న విమానం లేచీ లేవకముందే పడిపోయిందంట, లోపల ఎవరూ మిగల్లేదంట, టీవీలో చెప్తాండారంట. మామకు ఫోన్ కొడితే పోలేదు. అత్తకు కొట్టినాను.

“అత్తా, మామ యాడ?”

“మామా? పోయినాడే!”

లైను తెగిపోయింది. మా మాటల్లో సంతకు పోయినా, కాటికి పోయినా ‘పోయినాడు’ ఒకటే. అవ్వ ఆ లుంగీల కిందనే కూలబడి గుండెలు బాదుకునింది.

ఆటో మాట్లాడుకొని బయల్దేరినాము. అవ్వ దారంతా, “పోయొస్తా అని చెప్పినాడో లేదో కోడలిపిల్లనడగండే” అని ఒకటే ఏడుపు. తాత దారిలో ఆటో ఆపించి, ఒక సంపంగి మాల కొన్నాడు.

మమ్మల్ని చూసి అత్త నోరు తెరిచింది. ఆమెకు ఇంకా ఏమీ తెలీదు. పొద్దున విమానం కాడికి పోయినాడని కదా ఆమె చెప్పింది! మేము ఏడస్తా చెప్తాంటే ఆమె కూడా ఏడుపు అందుకునింది. అప్పుడే వీధి చివర ఇంకో ఆటో ఆగింది. కొత్త ప్యాంటు దిగింది. ప్యాంటులో మామ!

అవ్వ ఉరికిపోయి వీపు మీద నాలుగు వాయించింది. “సచ్చినోడా! బతికే ఉండావారా!”

ఆ మాటకు ముందు అమ్మ నవ్వింది, తర్వాత అత్త, తర్వాత వీధంతా. మాల ఏం చేయాల్నో తెలీక తాత దాన్ని మామ మెడలోనే వేసేసినాడు. నేను కడుపు పట్టుకొని వీధిలోనే కూర్చున్నాను. ఎంత సంతోషమో! ఆ విమానంలో వేరే మనిషి ఉండాడని మాలో ఒక్కరికీ తోచలేదు.

మామ నవ్వలేదు. మాల తీసి, మేడమెట్ల మీద పెట్టినాడు. అప్పుడు అందరమూ పైగది తాళం చూసినాము.

“ఒక రౌండు తానొక్కడే తిప్పి చూసి, తర్వాత నన్ను ఎక్కిస్తానన్నాడు” అన్నాడు మామ.

అవ్వ గొంతు తగ్గించి అడిగింది. “పోతా అనేసినాడా, నాయనా?”

“లేదమ్మా. పోయొస్తా మామా అన్నాడు. ఈ పొద్దే తొలిసారి, ఒక్క తప్పు లేకుండా చెప్పినాడు.”