సెల్లార్‌లో ఇంగ్లీషు నోటీసు

మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో మా అమ్మాయి, వీధిలోని మరికొందరు కలిసి రోజూ సాయంత్రం వాచ్‌మెన్ల, పనివాళ్ల పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు చదవడం నేర్పుతున్నారు. ఈ రోజు అసోసియేషన్ వాళ్లు అక్కడి గోడకు ఇంగ్లీషులో ఒక నోటీసు అంటించారు. మా వాచ్‌మన్ కూతురు మల్లిక దాన్ని ఎవరి సాయమూ లేకుండా గడగడా చదివేసింది. నా ఆనందం ఏమని చెప్పను! చప్పట్లు కొట్టబోయాను.

"తాతా, బయటి పిల్లలు ఈడ కూసోవద్దని రాసిన్రు. బయటి పిల్లలంటే మేమేనా? మేం ఉండేదే ఈ సెల్లార్‌ల కద!" అంది.

నా చేతులు ఆగిపోయాయి. సెక్రటరీగారిని నిలదీశాను.

"వాళ్లకు చదవడం వచ్చనుకోలేదండీ" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. "వచ్చింది మహానుభావా, నా కూతురు నేర్పింది!" అని అరిచాను. రేపటి నుంచి క్లాసు మా ఇంటి హాల్లోనే. మీరైతే ఆయనకు ఏం చెప్పేవారు?