సముద్రం ఒడ్డున లేచిన టెంకాయ

ఆ రోజుల్లో కళ్యాణదుర్గం నుంచి సముద్రందాకా, భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూపించగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, నీళ్ళున్న చోట అది పేరు పెట్టి పిలిచినట్టు లేచి నిలబడేది. అలల హోరు వినిపించేంత దగ్గర్లో, నలభైమంది కళ్ళప్పగించి చూస్తుండగా, ఉప్పు సముద్రం పక్కన తియ్యటి నీళ్ళు తెప్పించినవాణ్ణి నేను. (నలభై అన్నది రాసే ఊపులో పడిపోయింది. పదకొండు. అందులో నాలుగు మేకలు.)

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మా చేన్లో బావి ఎండిపోయి అందులో పావురాలు కాపురం పెట్టి మూడేళ్ళయింది. ఎద్దుల జత అమ్మి బోరు వేయించాలని నాయన తీర్మానం చేసుకున్నాడు. ఒకే ఒక్క బోరు. అందులో నీళ్ళు పడకపోతే ఇంకో బోరుకు అమ్మడానికి ఇంట్లో ఏమీ మిగలదు, చేను బీడు పెట్టి అందరం బెంగళూరులో కూలిపనికి పోవడమే. కాబట్టి ఎక్కడ వేయించాలన్నదే పొద్దస్తమానం మాట. పక్క ఊరిలో నీళ్ళు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అందరూ టెంకాయ తాత అనేవాళ్ళం. ఆయన పడమటి గట్టు దగ్గర వేయమన్నాడు. ఆయన వెనకాల రెండు నెలలు టెంకాయల సంచి మోసిన చదువుతో నేను తూర్పు మూల వేయమన్నాను. నాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఒరేయ్, ఇంట్లో నీళ్ళచెంబు యాడుండాదో నీకు మీ యమ్మ చూపించల్ల. నువ్వు భూమిలో నీళ్ళు చూపిస్తావా?" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. బోరు తూర్పు మూలే పడాలి, అదీ నా మాట మీదే పడాలి. ఆ వేసవంతా నాకు ఇంకో ఆలోచన లేదు.

అదే వేసవిలో, రైల్వేలో పనిచేసే బావకు గుంతకల్లు నుంచి చీరాల అవతల ఒక చిన్న స్టేషనుకు బదిలీ అయింది. బోరుబండి వచ్చేలోపల ఒకసారి వచ్చి సముద్రం చూసిపొమ్మని అక్క ఉత్తరం రాసింది. వారం రోజులు ఉందామని అమ్మా, నాయనా, నేనూ బయలుదేరాం. దిగిన రోజు సాయంత్రమే బావ మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయాడు. అమ్మ మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, అల వచ్చినప్పుడల్లా కేకపెట్టి నవ్వుతోంది. నాయన మాత్రం చెప్పులు కూడా విప్పకుండా అటు చివరా ఇటు చివరా చూసి, "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క మడి కూడా కట్టలేదేమప్పా వీళ్ళు!" అన్నాడు. "ఉప్పునీళ్ళు మామా" అన్నాడు బావ. "తెలుసులేప్పా. అందుకే ఈడ కూసోబుద్ధి కాలే" అని లేచాడు. (కూర్చుంటే కదా లేవడానికి.)

అక్కడినుంచి ఆయన కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అందరూ పోయే గుడి వద్దు, అందరూ కొనే చీరల అంగడి వద్దు. "ఈ జనం బతికేది ఎట్లనో చూపించు అల్లుడా" అన్నాడు. బావ తల గోక్కుని, మర్నాడు మమ్మల్ని ఉప్పు మడులకు తీసుకుపోయాడు. కాలువలోంచి నీళ్ళు మడిలోకి పెడతారు, ఎండకు అవి ఆవిరైపోయేదాకా కాచుకుంటారు, అడుగున మిగిలిన ఉప్పును పలకతో లాగి కుప్ప పోస్తారు. నాయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నీళ్ళు ఎండబెట్టేదానికి వీళ్ళు కూలి ఇస్తాండారా? మా ఊర్లో దేవుడు ఊరికే చేసిపెడతాండాడే!" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వు ఊపులోనే నా వైపు తిరిగి, "ఏమిరా, టెంకాయ పండితుడా, ఈడ చూపించు తాగే నీళ్ళు. చూపిస్తే మన చేన్లో నువ్వు చెప్పిన కాడనే బోరు" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మూడోరోజు మధ్యాహ్నం, ఇంట్లో ఉండబట్టక, ఒక్కణ్ణే సరుగుడు తోపుల వైపు నడిచాను. సముద్రం అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఇసకలో నడుములోతు గుంత ఒకటి, అందులోంచి ఒకామె బిందె ముంచుకుంటోంది.

"అక్కా, తాగే నీళ్ళేనా అవి?"

"తాగి చూడబ్బాయ్. ఈ ఇసకగుంత, మా దొరువు నీళ్ళకేం, పంచదారే."

తాగాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. సముద్రం పక్కన ఇదెట్లా సాధ్యమని అడిగితే ఆమె నన్ను జాలిగా చూసింది. "పడ్డ వాన ఇసక కింద నిలవుంటుంది కదా. ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా మూడడుగుల్లో పడతాయి. ఇంకా కావాలని లోతుకు పోయావనుకో, ఉప్పే."

మూడడుగులు! మా ఊరిలో మూడడుగులు తవ్వితే రాయి, ముప్పై అడుగులు తవ్వితే పెద్ద రాయి. మంచి కొడుకైతే ఈ వింతను పరుగెత్తుకుంటూ పోయి నాయనకు చెప్పేవాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి అంగట్లో టెంకాయ కొన్నాను.

నాలుగోరోజు అందర్నీ వెంటబెట్టుకుని ఆ ఇసకలోకి పోయాను. కళ్ళు మూసుకున్నాను, ఏదో గొణిగాను, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేశాను. టెంకాయ లేచింది. (లేపింది నా చిటికెన వేలు. రెండు నెలల్లో నాకు అబ్బిన విద్యంతా ఆ వేల్లోనే ఉంది.) బావ పారతో తవ్వాడు. కాసేపటికి ఇసక నల్లబడింది, చెమ్మగిల్లింది, గుంత అడుగున నీళ్ళు ఊరాయి. అమ్మ నాకు దిష్టి తీసింది. చుట్టూ చేరిన ఊరివాళ్ళు మాత్రం, తలుపు తోస్తే తెరుచుకుందని ఎగిరి గంతేసేవాణ్ణి చూసినట్టు చూశారు. మేకలు కాసుకునే ముసలాయన ఒకాయన, "నీళ్ళకి కొబ్బరికాయెందుకండీ?" అన్నాడు. ఆ మాట నాయన చెవిన పడకుండా నేను దగ్గిన దగ్గుకు మేకలు బెదిరాయి.

నాయన గుంత పక్కన కూర్చున్నాడు. వచ్చిన నాలుగు రోజుల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు. దోసిటితో తాగాడు, ఇంకోసారి తాగాడు, మొహం తడుపుకున్నాడు. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. లేచి, "పదండి, ఊరికి పోదాం" అన్నాడు.

"ఇంకా మూడు దినాలుండాదే! లైట్‌హౌస్ చూపిస్తానన్యాడు అల్లుడు" అంది అమ్మ.

"మూరెడు తవ్వితే వచ్చే నీళ్ళను చూస్తాంటే నాకు కడుపులో మండుతాంది. పదండి."

రైలెక్కాక మొదలైంది నా అవస్థ. నాయన నమ్మేశాడు. తూర్పు మూల బోరుబండి నిలబెడతాడు, నీళ్ళకు బదులు దుమ్ము లేస్తుంది, ఎద్దులు అమ్ముడుపోయి ఉంటాయి. నేను గెలిచిన పందెం ఇల్లు ముంచేటట్టుంది. సీటులో కూర్చోలేను, తలుపు దగ్గర నిలబడలేను, పెట్టె ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎన్నిసార్లు తిరిగానో. గిద్దలూరు దాటాక ఇక ఆగలేక నాయన ఎదుట కూర్చుని, "నాయనా, ఆ నీళ్ళు నేను చూపించినవి కావు. ఆడ యాడ తవ్వినా నీళ్ళే" అని చెప్పేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పినావు కదా, అంతే చాలు" అన్నాడు. తాత చెప్పిన పడమటి గట్టు దగ్గరే బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. బెంగళూరు ప్రయాణం తప్పింది.

ఇప్పుడు నేను నాయన వయసు దాటిపోయాను. నాకూ ఎక్కడికి పోయినా పది నిమిషాలు కూర్చోబుద్ధి కాదు. చేతిలో టెంకాయతో ఇసకలో కళ్ళు మూసుకుని నడిచిన ఆ మొనగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి చిటికెన వేలంటే సిగ్గూ వేస్తుంది. కానీ ఆ రైల్లో నోరు తెరిచినందుకు మాత్రం వాణ్ణి క్షమించేశాను.

ఇంతవరకూ రాసి, మొన్న మా ఇంటికొచ్చిన అక్కకు చదివి వినిపించాను. మంచం మీద కాళ్ళు చాపుకుని అంతా విన్నది.

"రైల్లో నోరు తెరిచినావా? తెరిచినావులే, గుంతకల్లుదాకా గుర్రుపెట్టేదానికి. అమ్మ చెప్పింది నాకు. భుజం మీద చెయ్యంట, చెయ్యి! ఒరేయ్, నువ్వు టెంకాయ ఆడించేదానికి ముందురోజు తెల్లారకముందే నాయన నా వంటింట్లో గరిటె ఎత్తుకపోయి, ఆ ఇసకలో మూడుచోట్ల తవ్వి, తాగి వచ్చినాడు. గరిటె నిండా ఇసకే. ఇదేం పని నాయనా అంటే ఏమన్యాడో తెలుసునా? 'మనోనికి చెప్పద్దు, వాడు ఏం చేస్తాడో చూద్దాం' అన్యాడు. మీరు రైలెక్కే పొద్దు మీ బావ, బోరు యాడ వేయిస్తావు మామా అని అడిగితే, 'యాడన్నా వేయిస్తాలేప్పా, మావాడు చూపించిన కాడ మటుకు వెయ్యను' అన్యాడు."